పాత రైఫిల్‌కు అమ్మకపు విలువ కట్టడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు జిల్లాల్లో లైసెన్స్ మీద ఉన్న పాత రైఫిళ్లను చూస్తే ఎక్కువగా రెండు రకాలే కనిపిస్తాయి. ఒకటి పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన .315 బోర్ స్పోర్టింగ్ రైఫిల్. రెండోది జమీందారీల కాలంలో, లేదా ఏజెన్సీ ప్రాంతాల్లో కాంట్రాక్టులు చేసిన కుటుంబాల ద్వారా ఇంట్లోకి వచ్చిన ఇంగ్లండ్ లేదా జర్మనీ వేట రైఫిల్. తాతగారి పేరున ఉన్న ఈ తుపాకీని ఏం చేయాలో తెలియక, అమ్మితే ఎంత వస్తుందో తేలక ఇబ్బంది పడే కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని ఈ సమాధానాలు రాశాం. ఇక్కడ రూపాయల పట్టిక ఇవ్వడం లేదు. పైకి ఒకేలా కనిపించే రెండు రైఫిళ్ల ధరలో ఎన్నో రెట్ల తేడా ఉండగలదు కాబట్టి, ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో వివరించడమే ఇక్కడి ఉద్దేశం.

విలువ కట్టేటప్పుడు మొట్టమొదట ఏం చూడాలి?

లైసెన్స్ పుస్తకం చూడాలి. చాలామంది ముందు తుపాకీని బయటికి తీసి, నూనె గుడ్డతో తుడిచి, దాని మీద ఉన్న పేరు చదవడం మొదలుపెడతారు. చట్టబద్ధంగా చేతులు మారలేని రైఫిల్ ఎంత గొప్ప సంస్థ తయారు చేసినదైనా దానికి అమ్మకపు విలువ సున్నా. కాబట్టి లైసెన్స్ గడువు ఉందా, అందులో రాసిన బోర్ (గొట్టం లోపలి కొలత), తయారీదారు పేరు, నంబరు మూడూ తుపాకీ మీద ఉన్న వాటితో అక్షరం పొల్లుపోకుండా సరిపోతున్నాయా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఇది వినడానికి చిన్న విషయంగా ఉంటుంది గానీ అమ్మకాలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. చేత్తో రాసిన పాత లైసెన్స్ పుస్తకాల్లో 1 కాస్తా 7గా, 3 కాస్తా 8గా మారిపోవడం మామూలే. నంబరు ముందున్న అక్షరాన్ని గుమాస్తా వదిలేసిన సందర్భాలూ ఉంటాయి. ఒకే తూటాకు రెండు పేర్లు వాడుకలో ఉండటం వల్ల ఒక పుస్తకంలో ".315" అనీ, దాన్ని మార్చి రాసిన కొత్త పుస్తకంలో "8 ఎం.ఎం." అనీ కనిపించవచ్చు. ఇలాంటి తేడా ఏదైనా ఉంటే కొనేవాళ్లు రాకముందే లైసెన్సింగ్ అధికారికి దరఖాస్తు పెట్టుకుని సరిచేయించుకోవాలి. బేరం కుదిరాక తేడా బయటపడితే ధర తగ్గడంతో ఆగదు, కొనేవారు వెనక్కి తగ్గుతారు.

తుపాకీ మీది నంబరును ఎవరో అరగదీసినట్లు గానీ, కొత్తగా కొట్టినట్లు గానీ కనిపిస్తే అది ధర చర్చకు సంబంధించిన విషయం కాదు. 1959 నాటి ఆయుధాల చట్టంలోని 8వ సెక్షన్ గుర్తింపు ముద్రలను చెరపడాన్ని, మార్చడాన్ని నిషేధిస్తోంది. అలాంటి తుపాకీ ఎవరి దగ్గర ఉంటే వారే ఆ పని చేశారని చట్టం ముందుగా భావిస్తుంది, కాదని నిరూపించుకోవలసిన భారం వారిదే అవుతుంది. అందువల్ల అలాంటి దాన్ని కొనకూడదు. మీ దగ్గరే ఉంటే న్యాయవాదిని కలిసిన తర్వాతే తదుపరి అడుగు వేయాలి.

బోర్‌ను బట్టి విలువ అంతగా ఎందుకు మారుతుంది?

బ్రిటిష్ పాలనలో సైన్యం వాడే తూటాలు పౌరుల చేతికి చేరకూడదన్న విధానం ఉండేది. ఆ కారణంగానే సైనిక రైఫిల్ బోర్ అయిన .303 ఈ దేశంలో నిషిద్ధ బోర్‌గా మిగిలిపోయింది. ఆ లోటు పూడ్చడానికి వచ్చినదే .315. పాత ఆస్ట్రియా సైన్యపు 8 మి.మీ. మాన్‌లిషర్ తూటాను బ్రిటిష్ సైన్యపు లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తరహా యంత్రాంగంలో ఇమిడ్చి బర్మింగ్‌హామ్‌లో బి.ఎస్.ఎ. సంస్థ, తర్వాత ఇషాపూర్ ఫ్యాక్టరీ తయారు చేశాయి. పైకి చూస్తే .303 లాగానే కనిపించే ఈ రైఫిల్ సాధారణ లైసెన్స్‌తో కొనదగినది. అసలు .303 మాత్రం నిషిద్ధ బోర్ లైసెన్స్ ఉన్నవారికే చెల్లుతుంది, ఆ లైసెన్స్ ఇచ్చేది కేంద్ర హోం శాఖ. కొనగలిగిన వారి సంఖ్య అంత తక్కువైనప్పుడు బేరానికి అవకాశమే ఉండదు.

వేటగాళ్ల భారీ రైఫిళ్లలో కూడా ఇదే చరిత్ర కనిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలో .450 బోర్ తూటాల దిగుమతిని భారతదేశంలో నిషేధించడంతో ఇంగ్లండ్ తయారీదారులు .470, .465 వంటి కొత్త కొలతలకు మళ్లారు. రాజుల, జమీందారుల ఇళ్లలో అలాంటి బోర్లు కనిపించడానికి కారణం అదే.

.30-06, .375 హాలండ్ అండ్ హాలండ్ మాగ్నం, .275 రిగ్బీ వంటివి సాధారణ లైసెన్స్‌తో చలామణిలో ఉన్న బోర్లు. వీటిలో .30-06కు, .375కు అడిగేవాళ్లు ఎక్కువ. అయితే మీ రైఫిల్ బోర్ ఏ వర్గంలోకి వస్తుందో లైసెన్స్ పుస్తకంలోనే రాసి ఉంటుంది. అక్కడ స్పష్టంగా లేకపోతే లైసెన్సింగ్ అధికారి మాటే ప్రమాణం, దుకాణదారు మాట కాదు.

తూటాలు దొరకని రైఫిల్‌కు విలువ ఉంటుందా?

ఉంటుంది, కానీ కొనేవారు వేరు. .315 తూటాలు దేశంలోనే తయారవుతాయి. అడుగు భాగంలో కె.ఎఫ్. అన్న అక్షరాలు ఉన్నవి పుణె దగ్గరి ఖడ్కీ కర్మాగారానివి. పొలాల రక్షణకు, ఆత్మరక్షణకు, నిజంగా కాల్చి వాడుకోవడానికి కొనేవాళ్లు అందుకే .315 దగ్గరే ఆగుతారు. దాని ధరకు ఒక పైహద్దు కూడా ఉంది. కొత్త .315 ఈనాడు ఫ్యాక్టరీ నుంచి ఎంతకు వస్తుందో ఆ ధరను మించి పాతదానికి ఎవరూ ఇవ్వరు. 2021 అక్టోబరు 1న ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దు చేసి ఏడు ప్రభుత్వ సంస్థలుగా విడగొట్టారు. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ఇప్పుడు అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ కింద ఉంది. ఆ సంస్థ ప్రస్తుత ధరను డీలర్ దగ్గర కనుక్కుని, అక్కడి నుంచి కిందికి లెక్క వేసుకోవడం మొదటి పద్ధతి.

.318 వెస్ట్‌లీ రిచర్డ్స్, .423 మౌజర్, .405 విన్‌చెస్టర్ వంటివి ఒకప్పుడు ఇక్కడి అడవుల్లో బాగా తిరిగినవే. ఇప్పుడు వీటికి తూటాలు వెతుక్కోవాలి. దిగుమతులు పరిమితంగానే ఉంటాయి కాబట్టి, రైఫిల్‌తో పాటు మిగిలిన పాత తూటాలను చూపి ధర పెంచవచ్చునని అమ్మేవారు ఆశపడతారు. దశాబ్దాలు నిల్వ ఉన్న తూటాలు సరిగా పేలతాయన్న భరోసా లేదు. వాటిని అదనపు విలువగా లెక్కించడం నా దృష్టిలో సరికాదు.

వేట నిషేధం తర్వాత వేట రైఫిళ్లకు గిరాకీ ఎందుకు మిగిలింది?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ తర్వాత వినోదం కోసం వేటాడే దారి పూర్తిగా మూసుకుపోయింది. మరోవైపు, 1980ల మధ్య నుంచి సాధారణ పౌరులు విదేశీ తుపాకులు తెప్పించుకోవడం దాదాపు ఆగిపోయింది. అంటే దేశంలో ఉన్న విదేశీ రైఫిళ్ల సంఖ్య పెరిగే అవకాశం లేదు. కొరత వల్ల ధర నిలబడింది. ఆ ధర మంచి స్థితిలో ఉన్న, మంచి పేరున్న, తూటా దొరికే వాటికే నిలబడిందని గుర్తుంచుకోవాలి. "విదేశీ తుపాకీ" అన్న ఒక్క మాట మీద ధర చెప్పేవారిని నమ్మనవసరం లేదు.

బ్యారెల్‌ను ఎలా పరిశీలించాలి?

ముందు రైఫిల్ ఖాళీగా ఉందని కళ్లతో, వేలితో నిర్ధారించుకోవాలి. మ్యాగజైన్ తీసి, బోల్టు (బ్యారెల్‌ను వెనక నుంచి మూసే కదిలే భాగం) వెనక్కి లాగి, ఛాంబర్‌లో, అంటే తూటా కూర్చునే చోట, ఏమీ లేదని చూశాకే మిగతా పని మొదలుపెట్టాలి. తర్వాత బోల్టును పూర్తిగా బయటికి తీసి, ఛాంబర్ వైపు నుంచి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడాలి.

చూసే ముందు పొడి గుడ్డ తొడిగిన కడ్డీతో లోపలి నూనెను తుడవాలి. ఇది చాలామంది చేయరు. చిక్కటి నూనె పూసిన బ్యారెల్ లోపల అద్దంలా మెరుస్తుంది, తుడిచాక గానీ నల్లటి చుక్కలు బయటపడవు. పాత కాలపు తూటాల ప్రైమర్లలో, అంటే అడుగున ఉండి మందును అంటించే మూతల్లో, పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలిన తర్వాత అది ఉప్పు పొరగా లోపల మిగిలి, గాలిలోని తేమను పీల్చుకుని తుప్పు పట్టిస్తుంది. కాల్చిన రోజే వేడి నీళ్లతో కడిగిన వారి రైఫిళ్లు బాగుంటాయి, నూనె మాత్రం పూసి వదిలేసిన వారివి గుంటలు పడతాయి. నూనెలో ఉప్పు కరగదు. కాకినాడ, మచిలీపట్నం వంటి తీర ప్రాంతాల్లో దశాబ్దాలు ఉన్న రైఫిల్ అయితే ఈ పరీక్షను మరింత శ్రద్ధగా చేయాలి.

బ్యారెల్ లోపల మెలితిరిగి ఉండే గాడుల అంచులు పదునుగా ఉన్నాయా, గుండ్రంగా అరిగాయా అన్నది తర్వాత చూడాలి. ఛాంబర్ దాటగానే మొదలయ్యే భాగంలో గాడులు మసకబారి ఉంటే రైఫిల్‌ను బాగా కాల్చారని అర్థం. కార్డైట్ అనే పాత పొగలేని మందు మండేటప్పుడు పుట్టే విపరీతమైన వేడి ముందుగా తినేసేది ఆ భాగాన్నే. రెండో చివర, అంటే మూతి దగ్గర అరుగుదల కనిపిస్తే అది కాల్పుల వల్ల కాక శుభ్రం చేసే కడ్డీ వల్ల వచ్చి ఉంటుంది. బోల్టు తీయకుండా మూతి వైపు నుంచి ఉక్కు కడ్డీ దూర్చి రుద్దడం మన దగ్గర పాత అలవాటు. మూతి అంచు మీద దెబ్బ ఉన్నా, గాడులు ఒక పక్కకు అరిగి ఉన్నా గురి చెదురుతుంది.

వాడుకోవడానికి కొనేవారికి బ్యారెల్ లోపలి భాగమే సగం ధర అని చెప్పవచ్చు. సేకరణ కోసం కొనేవారు మాత్రం లోపల కొద్దిపాటి గుంటలను క్షమిస్తారు, బయటి అసలుతనాన్ని వదులుకోరు.

బోల్టు మీది నంబరు వేరుగా ఉంటే నష్టమా?

నష్టమే, కొంత ప్రమాదం కూడా. లీ ఎన్‌ఫీల్డ్ తరహా రైఫిళ్లలో బోల్టు పిడి వెనక ఒక నంబరు కొట్టి ఉంటుంది. అది రిసీవర్ (బోల్టు కదిలే లోహపు చట్రం) మీది నంబరుతో కలవాలి. ప్రతి బోల్టునూ దాని రైఫిల్‌కే అమర్చుతారు. మరో రైఫిల్ బోల్టు తొడిగితే తూటా అడుగుకూ బోల్టు ముఖానికీ మధ్య ఉండవలసిన ఖాళీ, అంటే హెడ్‌స్పేస్, మారిపోతుంది. అది ఎక్కువైతే కాల్చినప్పుడు తూటా గొట్టం చిట్లి, వేడి వాయువులు కాల్చేవారి ముఖం వైపు వెనక్కి తన్నే ప్రమాదం ఉంది. ఎన్నికల సమయంలో ఒకేసారి డిపాజిట్ చేసిన రైఫిళ్లలో బోల్టులు తారుమారైన అవకాశమూ ఉంది కాబట్టి, తిరిగి తెచ్చుకున్న ప్రతిసారీ నంబర్లు పోల్చుకోవడం మంచిది. అదే డిపాజిట్ కాలంలో తడి గోడకు ఆనించి నిలబెట్టిన రైఫిల్ బయటి వైపు సన్నని ఎర్ర చారతో తిరిగి రావడం కూడా ఉంది.

నంబర్లు కలవని రైఫిల్‌ను అనుభవం ఉన్న గన్‌స్మిత్ గేజ్‌తో పరీక్షించే వరకు కాల్చకూడదు. పరీక్షలో నెగ్గినా విలువ తగ్గే ఉంటుంది.

అమ్మే ముందు పాలిష్ చేయించి, కొత్త రంగు వేయిస్తే మంచి ధర వస్తుందా?

రాదు, తగ్గుతుంది. మనవాళ్లు చేసే పనుల్లో దీనికన్నా ఖరీదైన పొరపాటు లేదు. ఇల్లు అమ్మే ముందు సున్నం వేయించినట్లు తుపాకీకి కూడా మెరుగు పెట్టిద్దామనుకుంటారు. కానీ ఫ్యాక్టరీ వేసిన నీలి నలుపు పూత ఎంత శాతం మిగిలి ఉందన్న దాని మీదే సేకర్తలు ధర కడతారు. పాత తుపాకుల స్థితిని వర్గీకరించడానికి అమెరికా నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పెట్టిన ప్రమాణాల్లో, అన్ని భాగాలూ అసలువై 80 శాతానికి పైగా అసలు పూత ఉన్నదాన్ని 'ఎక్సలెంట్' స్థితిగా లెక్కిస్తారు, 30 శాతానికి పైగా ఉన్నదాన్ని కూడా మంచి శ్రేణిలోనే ఉంచుతారు. అంటే సహజంగా అరిగిన పూత లోపం కాదు.

తిరిగి పూత వేసిన రైఫిల్‌ను గుర్తించడం పెద్ద కష్టం కాదు. మెరుగు పట్టేటప్పుడు అక్షరాల అంచులు కరిగిపోయి తయారీదారు పేరు మసకగా కనిపిస్తుంది. మూలలు పదును కోల్పోతాయి. మరల (స్క్రూల) చుట్టూ ఉన్న రంధ్రాలు పల్లెంలా లోపలికి ఒంగుతాయి. తుప్పు గుంటల లోపల కూడా కొత్త నలుపు కనిపిస్తుంది. మరల తల మీది గాడి చెదిరి ఉంటే, సరైన స్క్రూడ్రైవర్ లేనివాళ్లు లోపల చేయి పెట్టారని అర్థం.

టెలిస్కోప్ బిగించడానికి రిసీవర్‌కు రంధ్రాలు వేయించడం కూడా ఇలాంటిదే. మామూలు .315 మీద అయితే వాడుకునేవారు పట్టించుకోకపోవచ్చు. పేరున్న పాత మౌజర్ మీద అది పూడ్చలేని గాయం.

అమ్మకానికి ముందు చేయవలసింది ఒకటే: దుమ్ము దులిపి, లోపలా బయటా పలుచగా నూనె పట్టించి, తోలు సంచిలోంచి తీసి పెట్టడం. తోలు తేమ పడుతుంది. దాన్ని ఊనడానికి వాడిన రసాయనాలు కూడా లోహాన్ని తింటాయి కాబట్టి తోలు కవరులో ఏళ్ల తరబడి ఉంచిన రైఫిల్ కవరు తాకిన చోటల్లా తుప్పు పడుతుంది.

కర్ర భాగంలో ఏం గమనించాలి?

చేతి పట్టు దగ్గర, రిసీవర్ వెనక మొదలయ్యే సన్నని పగులును చూడాలి. కాల్చినప్పుడు వెనక్కి తన్నే బలం అంతా పడేది అక్కడే. పగిలిన చోట ఇత్తడి రేకు చుట్టడం, రాగి తీగ కట్టడం మన ఊళ్లలో సర్వసాధారణం. దశాబ్దాలుగా నూనె కారి కర్ర నల్లబడి మెత్తబడి ఉంటే పగులు లోపల దాగి ఉంటుంది. వెనక భాగాన్ని కోసి రబ్బరు దిండు బిగించి ఉంటే అసలు పొడవు పోయినట్లే. చెదలు తినేసినందువల్ల స్థానిక వడ్రంగి టేకుతో చేసిన కర్ర ఎంత అందంగా ఉన్నా అది ధరను కిందికే లాగుతుంది. విరిగిన అసలు వాల్‌నట్ ముక్కలు ఇంట్లో ఉంటే పారేయకుండా రైఫిల్‌తో పాటు ఇవ్వాలి.

బ్యారెల్ మీద కలకత్తా కంపెనీ పేరుంది. అది తయారీదారేనా?

ఎక్కువ సందర్భాల్లో కాదు. కలకత్తాలోని ఆర్.బి. రోడ్డా, మాంటన్ వంటి కంపెనీలు ఇంగ్లండ్‌లో తయారైన తుపాకుల మీద తమ పేరు చెక్కించి అమ్మేవి. పేరు మీద మాత్రమే ఆధారపడితే మోసపోయే అవకాశం ఇక్కడ ఉంది. లండన్‌లోని ప్రఖ్యాత మాంటన్ వేరు, కలకత్తా దుకాణం వేరు.

నిజం చెప్పేవి బ్యారెల్ అడుగున, కర్ర కింద దాగి ఉండే పరీక్ష ముద్రలు. బ్రిటన్‌లో లండన్, బర్మింగ్‌హామ్ నగరాల్లో ప్రూఫ్ హౌస్‌లు ఉన్నాయి. బర్మింగ్‌హామ్‌ది 1813లో స్థాపించినది. ప్రతి బ్యారెల్‌ను అధిక పీడనంతో పరీక్షించి ముద్ర కొడతారు. 1904 తర్వాతి ముద్రల్లో పొగలేని మందుకు పరీక్షించారా లేదా అన్నది తెలుస్తుంది. ఆ కాలపు చాలా రైఫిళ్ల మీద కార్డైట్ ఎంత, గుండు బరువు ఎంత అన్నది కూడా అంకెల్లో చెక్కి ఉంటుంది. బి.ఎన్.పి. అక్షరాలున్న బర్మింగ్‌హామ్ ముద్ర 1954 తర్వాతిది. 1930లలో కొన్నదని ఇంట్లో చెప్పుకునే రైఫిల్ మీద ఆ ముద్ర ఉంటే, తర్వాత ఎప్పుడో మళ్లీ పరీక్షకు పంపారని గానీ, ఇంట్లో చెప్పుకునే మాట తప్పని గానీ అర్థం. అండాకార వలయంలో ఇ.ఎల్.జి. అక్షరాలుంటే అది బెల్జియంలోని లియేజ్ నగరంలో పరీక్షించినది.

మౌజర్ యంత్రాంగం ఉన్న రైఫిళ్లలో రిసీవర్ ఎడమ గోడ మీద బొటనవేలు పట్టేంత అర్ధచంద్రాకారపు కోత ఉందేమో చూడాలి. ఉంటే, చాలావరకు అది సైనిక రైఫిల్ యంత్రాంగాన్ని తీసుకుని వేట రైఫిల్‌గా మలచినది. ఆ కోత లేని, జర్మనీలోని ఓబర్న్‌డార్ఫ్‌లో పౌరులకు అమ్మడానికే తయారైన వాణిజ్య మౌజర్‌కు సేకర్తలు ఎక్కువ విలువ ఇస్తారు.

హాలండ్ అండ్ హాలండ్, వెస్ట్‌లీ రిచర్డ్స్, రిగ్బీ వంటి సంస్థల దగ్గర పాత లెడ్జర్లు ఉన్నాయి. నంబరు పంపి అడిగితే ఆ రైఫిల్ ఏ సంవత్సరంలో, ఏ బోర్‌లో, ఎవరి కోసం తయారైందో తెలుసుకోవచ్చు. దానికి కట్టే రుసుము ఖర్చు కాదు, పెట్టుబడి.

రెండు గొట్టాల రైఫిల్‌కు ప్రత్యేక పరీక్షలు ఉన్నాయా?

ఉన్నాయి. బ్యారెల్స్ కింద ఉండే ముందరి చెక్కను తీసేసి, మూసిన తుపాకీని వెనక కర్ర పట్టుకుని మెల్లగా ఊపితే బ్యారెల్స్ కదలకూడదు. కదిలితే కీలు అరిగినట్లే. బ్యారెల్స్‌ను విడదీసి, వాటి కొక్కేన్ని ఒక తాడుకు వేలాడదీసి వేలి గోటితో మీటితే గంట మోగినట్లు సాగే శబ్దం రావాలి. మొద్దు శబ్దం వస్తే రెండు గొట్టాలను కలిపే పట్టీ అతుకు వదిలిందన్నమాట. దాని లోపల తేమ చేరి కంటికి కనిపించని తుప్పు పెరుగుతూ ఉంటుంది.

ఖాళీ తూటాలను ఎగరగొట్టే ఎజెక్టర్ ఉన్నదానికి లేనిదానికన్నా, పక్క పలకల్లో యంత్రాంగం ఉన్న సైడ్‌లాక్‌కు బాక్స్‌లాక్ కన్నా ధర ఎక్కువ. రెండు గొట్టాలూ ఒకే చోటికి కాల్చేలా సర్దడం ప్రత్యేక నైపుణ్యం. మూతి కోసి పొట్టి చేసిన రెండు గొట్టాల రైఫిల్ ఆ సర్దుబాటును శాశ్వతంగా కోల్పోయి ఉంటుంది.

మా రైఫిల్‌తో పేరొందిన వ్యక్తి వేటాడారని చెబుతారు. దానికి ధర వస్తుందా?

కాగితం ఉంటే వస్తుంది. ప్రసిద్ధ వేటగాడు జిమ్ కార్బెట్ .275 రిగ్బీ ఇందుకు మంచి ఉదాహరణ. నరభక్షక చంపావత్ పులిని చంపినందుకు 1907లో ఆయనకు అది బహూకరణగా అందింది. ఆ విషయం చెక్కిన వెండి పలక దాని కర్ర మీదే ఉంది. రిగ్బీ సంస్థ 2015లో దాన్ని తిరిగి సంపాదించుకుంది. అదే కాలంలో తయారైన మరో .275 రిగ్బీకి, దీనికి లోహంలో తేడా లేదు, ఆధారంలోనే ఉంది.

కాబట్టి కొనుగోలు రసీదు, డీలర్ రాసిన ఉత్తరం, పాత లైసెన్స్ పుస్తకాలు, సంస్థ పేరున్న చీటీ అంటించిన పెట్టె, అందులోని శుభ్రం చేసే పనిముట్లు, రైఫిల్ స్పష్టంగా కనిపించే పాత ఛాయాచిత్రం వంటివేవీ విడగొట్టకూడదు. నోటి మాటగా వచ్చిన కథకు మర్యాద ఉంటుంది గానీ ధర ఉండదు.

అమెరికా వేలంలో ఇలాంటి రైఫిల్ లక్షల రూపాయలకు పోయింది. మాకూ అంత రావాలి కదా?

విదేశాల్లో ఉన్న పిల్లలు ఇంటర్నెట్‌లో చూసి ఫోన్ చేసి చెప్పే ధరలు ఇవి. అక్కడి ధర అక్కడి కొనుగోలుదారుల సంఖ్యను బట్టి వచ్చినది. ఇక్కడి రైఫిల్‌ను అక్కడికి పంపడం సామాన్యమైన పని కాదు. అక్కడి ఆయుధాల నియంత్రణ సంస్థ ఏ.టి.ఎఫ్.కు ఫారం 6 పెట్టి దిగుమతి అనుమతి తెచ్చుకోవాలి, ఇక్కడ ఎగుమతి అనుమతి కావాలి. రైఫిల్ వందేళ్లు దాటినదైతే 1972 నాటి పురావస్తువుల చట్టం అడ్డు వస్తుంది. వందేళ్లు నిండిన పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. స్థితిని పోల్చుకోవడానికి విదేశీ వేలం ఫొటోలు ఉపయోగపడతాయి. ధరను పోల్చుకోవడానికి మాత్రం ఈ దేశంలో, మీ బోర్‌లో ఇటీవల జరిగిన అమ్మకాలే కావాలి.

వందేళ్లు దాటితే లైసెన్స్ అక్కర్లేదా?

వయసు ఒక్కటే సరిపోదు. ఆయుధాల చట్టంలోని 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చేది పాతబడిన నమూనాకు చెందినదై, లేదా పురాతన విలువ కలిగినదై, లేదా పాడైపోయినదై, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా వాడడానికి పనికిరాని వాటికి. 1912లో పుట్టిన .375 తూటాకు తయారైన రైఫిల్ వందేళ్లు దాటినా ఈ రోజుకీ కాలుస్తుంది, కాబట్టి దానికి లైసెన్స్ తప్పనిసరి.

రెండు తుపాకుల పరిమితి ధరల మీద ప్రభావం చూపిందా?

చూపిందనే నా అభిప్రాయం. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. అప్పటికే మూడు ఉన్నవారు ఏడాదిలోగా ఒకటి పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయవలసి వచ్చింది. మూడింటిలో వదులుకున్నది చాలా ఇళ్లలో రైఫిలే. ఎందుకంటే ఆత్మరక్షణకు రివాల్వర్, పొలానికి పన్నెండు బోర్ ఉంచుకుంటే చాలనుకున్నారు. అమ్మకానికి సరుకు పెరిగి, కొనేవారి దగ్గర ఖాళీ తగ్గింది. మామూలు .315 మీద ఈ దెబ్బ ఎక్కువగా పడింది. వారసత్వంగా వచ్చిన ఆయుధానికి కూడా ఆ పరిమితి వర్తిస్తుంది.

లైసెన్స్ ఉన్న వ్యక్తి నేరుగా మరొకరికి అమ్మవచ్చా?

అమ్మవచ్చు. ఆయుధాల చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం, అమ్మదలచిన విషయాన్ని, కొనేవారి పేరు, చిరునామాలను జిల్లా మేజిస్ట్రేట్‌కు గానీ దగ్గరి పోలీస్ స్టేషన్ అధికారికి గానీ రాతపూర్వకంగా తెలియజేయాలి, ఆ తర్వాత కనీసం 45 రోజులు గడవాలి. కొనేవారికి అదే రకం ఆయుధానికి చెల్లే లైసెన్స్ ఉండాలి. ఆ 45 రోజులూ రైఫిల్ మీ దగ్గరే ఉండాలి. బయానా తీసుకుని తుపాకీ ముందే ఇచ్చేయడం నేరం. డీలర్ ద్వారా అమ్మితే చేతికి వచ్చేది తక్కువే అయినా, కొనేవారిని వెతికే పని, రిజిస్టర్లలో నమోదు అతనే చూసుకుంటాడు. నంబరు పోల్చి చూసి సంతకం పెట్టిన రసీదు లేకుండా రైఫిల్‌ను ఎవరి దగ్గరా వదిలి రాకూడదు.

లైసెన్స్ ఉన్న పెద్దాయన చనిపోయారు. ఇంట్లో ఉన్న రైఫిల్‌ను ఏం చేయాలి?

ధర సంగతి తర్వాత, ముందు డిపాజిట్ చేయాలి. ఆయుధాల చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం లేకుండా పోలీస్ స్టేషన్‌లో గానీ, డీలర్ దగ్గర గానీ అప్పగించి రసీదు తీసుకోవాలి. డిపాజిట్‌లో ఉన్న ఆయుధాన్ని అర్హత ఉన్నవారికి అమ్ముకునే హక్కు చట్టబద్ధ వారసులకు ఉంటుంది. నిర్ణీత గడువు దాటిపోతే అది ప్రభుత్వపరం కావచ్చు. ఉంచుకోవాలనుకునే వారసుడు తన పేరున లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం, లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లుగా ఆయన దగ్గర ఉన్నా, బతికి ఉండగానే తన వారసుడికి బదిలీ కోరవచ్చు. పెద్దవారు ఉన్నప్పుడే ఈ పని ముగించుకుంటే, తర్వాత తొందరలో వచ్చిన ధరకు అమ్ముకోవలసిన పరిస్థితి రాదు.

అన్నదమ్ముల పంపకంలో ఈ రైఫిల్‌కు ఎంత కట్టాలి?

తీసుకునే అన్నయ్యకు అది తాతగారి గుర్తు, మిగతావారికి నగదులో వాటా. ఇద్దరూ వేర్వేరు తుపాకుల గురించి మాట్లాడుకుంటున్నట్లే ఉంటుంది. రెండు వేర్వేరు ఊళ్ల డీలర్లను "మీరైతే ఎంతకు కొంటారు?" అని అడిగి, వారిచ్చిన అంకెలను రాతపూర్వకంగా తీసుకుని, ఎక్కువదాన్ని ఆధారంగా పెట్టుకోవడం న్యాయమనిపిస్తుంది. "ఎంతకు అమ్ముతారు?" అని అడిగితే వచ్చే అంకె వేరు, అందులో వారి లాభం, రైఫిల్ అమ్ముడయ్యే వరకు ఆగే కాలం కలిసి ఉంటాయి. మిగతా వారసుల నుంచి అభ్యంతరం లేదన్న పత్రం లైసెన్స్ దరఖాస్తుకు ఎలాగూ కావాలి కాబట్టి, ఆ పత్రం మీద సంతకాలు తీసుకునేటప్పుడే ఒప్పుకున్న విలువను విడిగా రాసుకోవడం ఉభయులకూ మంచిది.

దూరంగా ఉన్న డీలర్‌కు ఫొటోలు పంపాలంటే ఏవి పంపాలి?

ఎండ నేరుగా పడని పగటి వెలుతురులో, తెల్లటి బట్ట మీద పెట్టి తీయాలి. రెండు వైపులా పూర్తి పొడవు, బ్యారెల్ మీది అక్షరాలు, రిసీవర్ మీదా బోల్టు మీదా ఉన్న నంబర్లు, పరీక్ష ముద్రలు, చేతి పట్టు, వెనక పలక, మూతి అంచు, మరల తలలు, శుభ్రం చేశాక బ్యారెల్ లోపలి భాగం కనబడాలి. పగులునూ తుప్పునూ దాచకుండా దగ్గరగా తీసి పంపాలి. అవి లేని ఫొటోలు చూసి చెప్పిన ధర, రైఫిల్ చేతిలో పడ్డ మరుక్షణం మారిపోతుంది. నంబర్లున్న ఫొటోలను అందరూ చూసే వాట్సాప్ గ్రూపుల్లో, సామాజిక మాధ్యమాల్లో పెట్టకండి. ఇంట్లో తుపాకీ ఉందని ఊరంతా చాటడం భద్రతకు మంచిది కాదు. డీలర్ లైసెన్స్ చెల్లుబాటులో ఉందో లేదో కూడా ఫొటోలు పంపకముందే అడగాలి, అడిగితే నొచ్చుకునే డీలర్‌తో బేరం పెట్టుకోనక్కర్లేదు.